గోడ మీద స్విచ్ ఉందని ఎలక్ట్రిక్ కుక్కర్ కొన్నారు: రెడింగ్‌లో ఒక ఇంటి కేస్ స్టడీ

ఇల్లు ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో. 1960లలో కట్టిన సెమీ డిటాచ్డ్ (పక్కింటితో ఒక గోడ కలిసి ఉండే ఇల్లు), వెనక వైపు వంటగదిని ఆ తర్వాతెప్పుడో పెంచారు. ఈమధ్యే కొనుక్కున్నది మన తెలుగువాళ్లు. భార్యాభర్తలిద్దరూ ఐటీ, స్కూలుకెళ్లే పాప, గుంటూరు నుంచి విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మగారు. పాత ఓనర్లు వదిలేసి వెళ్లిన గ్యాస్ కుక్కర్ తీయించేసి ఎలక్ట్రిక్ పెట్టుకుందామని ఆన్‌లైన్‌లో ఒకటి ఆర్డరిచ్చారు. ఇక్కడ కుక్కర్ అంటే పైన నాలుగు హాబ్‌లు (అంటే పొయ్యిలు), కింద ఓవెన్లు కలిసి నేల మీద నిలబడే పెద్ద పెట్టె. వాళ్లు కొన్నది 60 సెంటీమీటర్ల వెడల్పుది, పైన నల్లటి సిరామిక్ గాజు, కింద రెండు ఓవెన్లు, అన్నీ ఒకేసారి పెడితే 10.8 కిలోవాట్లు.

డెలివరీకి వచ్చినవాళ్లు కుక్కర్‌ని హాల్లో దింపి, వంటగదిలోకి ఒకసారి తొంగిచూసి, కనెక్షన్ ఇవ్వలేం అని వెళ్లిపోయారు. వాళ్లు చేసింది నూటికి నూరుపాళ్లు కరెక్ట్. కుక్కర్ నిలబడే చోట వెనక కేబుల్ బిగించుకునే అవుట్‌లెట్ ప్లేట్ ఉండాలి, అక్కడ ఉన్నది ఖాళీ మూత మాత్రమే. మరి ఇల్లుగలాయన ఏ ధైర్యంతో కొన్నాడంటే, గోడ మీద పెద్ద ఎర్ర స్విచ్ ఉంది, దాని మీద కుక్కర్ అని రాసుంది, నొక్కితే చిన్న లైటు కూడా వెలుగుతోంది. "అన్నా, పవర్ వస్తోంది కదా, వెనకాల ఒక ప్లేట్ బిగిస్తే అయిపోతుంది" అని నాకు ఫోన్. నేను విజయవాడలో డిప్లొమా చేసి, ఇక్కడికొచ్చి మళ్లీ మొదటి నుంచి చదువుకుని ఎలక్ట్రీషియన్‌గా రిజిస్టర్ అయినవాణ్ని, మనవాళ్ల ఇళ్లల్లో పని ఎక్కువగా చేస్తుంటాను. ఆ ఎర్ర స్విచ్ ఫొటో వాట్సాప్‌లో ఎంతమంది పంపారో చెప్పలేను. లైటు వెలిగిందంటే స్విచ్ దాకా కరెంటు వస్తోందని మాత్రమే అర్థం. దాని వెనక ఉన్న వైరు ఎంత మోయగలదో ఆ లైటుకి తెలీదు.

నేను వెళ్లేలోపు ఒక స్నేహితుడు ఇంకో సలహా కూడా ఇచ్చాడట, మామూలు మూడు పిన్నుల ప్లగ్ పెట్టేసి పక్కనున్న సాకెట్‌లో గుచ్చేయమని. ఇది వినగానే నాకు టెన్షన్ వచ్చింది కాబట్టి ఇక్కడ కాస్త ఆగి లెక్క చెబుతాను. ఇక్కడి ప్లగ్‌లో ఫ్యూజ్ 13 ఆంపులు, అంటే దాదాపు 3 కిలోవాట్ల వరకు. కొన్ని సింగిల్ ఓవెన్లు ఆ లోపే ఉంటాయి, అవి ప్లగ్‌తోనే వస్తాయి, వాటితో ఏ గొడవా లేదు. 10.8 కిలోవాట్ల కుక్కర్ పూర్తిగా లాగితే 230 వోల్టుల మీద దాదాపు 47 ఆంపులు. అన్నీ పెడితే ఫ్యూజ్ వెంటనే కొట్టేస్తుంది, అదొక రకంగా అదృష్టం. అసలు ప్రమాదం మధ్యలో ఉంది. రెండు పెద్ద హాబ్‌లు పెట్టారనుకోండి, 4 కిలోవాట్లు, పదిహేడున్నర ఆంపులు. 13 ఆంపుల ఫ్యూజ్ అంటే 13 దాటగానే కొట్టేస్తుందని అందరూ అనుకుంటారు గానీ, ఆ ఫ్యూజుని తయారు చేసే ప్రమాణం ప్రకారమే అది 20 ఆంపుల దాకా కనీసం అరగంట మోయాలి. ఆ అరగంట ప్లగ్ లోపల పిన్నులు, సాకెట్ లోపలి రేకులు మాడుతూ ఉంటాయి, బయట అన్నం ఉడుకుతూ ఉంటుంది. నల్లబడ్డ సాకెట్లు తీసి మార్చడం నాకు మామూలు పని, వాటిల్లో ఎక్కువ భాగం ఫ్యూజ్ కొట్టనివే.

బోర్డు దగ్గర ఒక వైరు, వంటగదిలో ఇంకో వైరు

మెట్ల కింద బోర్డు. 2008 తర్వాత పెట్టిన ప్లాస్టిక్ బోర్డు, రెండు ఆర్‌సీడీలు (ఎర్త్‌కి కరెంటు కారితే ఆపేసే స్విచ్‌లు), వాటితో సంబంధం లేకుండా విడిగా రెండు ఖాళీ స్థానాలు. కుక్కర్ అని రాసిన ఎంసీబీ, అంటే లోడు ఎక్కువైతే పడిపోయే స్విచ్, 32 ఆంపులు. మెయిన్ ఆపి, తాళం వేసి, టెస్టర్ పనిచేస్తోందని ముందొకసారి, కరెంటు లేదని ఒకసారి, టెస్టర్ ఇంకా పనిచేస్తోందని చివర్లో మళ్లీ ఒకసారి చూసుకుని మూత తీశాను. ఈ మూడు సార్ల చాదస్తం మన దగ్గర చాలామంది నవ్వి వదిలేస్తారు. చచ్చిపోయిన టెస్టర్ కూడా కరెంటు లేదనే చెబుతుంది మరి.

ఎంసీబీ కింద ఉన్న వైరు ఎర్ర, నల్ల రంగులది, 6 ఎంఎం (తీగ అడ్డుకోత చదరపు మిల్లీమీటర్లలో), మంచి మందం. వంటగదిలో ఖాళీ మూత విప్పితే అక్కడున్నది గోధుమ, నీలం రంగులది, చూడగానే సన్నం, 2.5 ఎంఎం. కేసంతా ఇక్కడే ఉంది. బ్రిటన్‌లో ఇళ్ల వైరింగ్ రంగులు 2004లో మారడం మొదలై 2006 ఏప్రిల్ నుంచి కొత్త రంగులే తప్పనిసరి అయ్యాయి. ఒక చివర పాత రంగులు, ఇంకో చివర కొత్త రంగులు ఉన్నాయంటే మధ్యలో ఎక్కడో అతుకు ఉంది, ఆ అతుకు 2004 తర్వాతది. రంగులు ఒకటే అయినా దొరికేదే. ఒక చివర లైవ్‌నీ ఎర్త్‌నీ కలిపి రెండో చివర నుంచి రెసిస్టెన్స్ కొలిస్తే, సుమారు 17 మీటర్ల దారికి 6 ఎంఎం అయితే 0.18 ఓమ్ రావాలి, నాకొచ్చింది 0.25. తేడా చిన్నదే అనిపిస్తుంది, కానీ ఎక్కువొచ్చిందంటే దారిలో సన్నని వైరు ఉన్నట్టే, రాగి అబద్ధమాడదు.

అతుకు వంటగది సీలింగ్ పైన దొరికింది. కిచెన్ పెంచినప్పుడు కుక్కర్ చోటు జరిగింది, పాత 6 ఎంఎం కేబుల్ అంత దూరం రాలేదు, వచ్చినాయన దగ్గర ఆ రోజు ఏ చుట్ట ఉందో దాంతోనే పొడిగించాడు. అంతటితో ఆగలేదు. అదే జంక్షన్ బాక్స్ నుంచి ఇంకో 2.5 ఎంఎం లాగి కౌంటర్ మీది డబుల్ సాకెట్‌కి కూడా ఇచ్చాడు. కెటిల్, మైక్రోవేవ్ అక్కడే. బాక్స్‌లో రెండు స్క్రూల చుట్టూ ప్లాస్టిక్ గోధుమ రంగుకి తిరిగింది. ఇక ఆ సన్నని కేబుల్ మొత్తం ఒక అడుగు మందం గ్లాస్‌ఉల్ ఇన్సులేషన్ కింద కూరుకుపోయి ఉంది, చలికి ఇల్లు వెచ్చగా ఉండాలని పరిచినది వైరుని కూడా అంతే వెచ్చగా ఉంచుతుంది. గోడకి క్లిప్ చేసి గాలి తగిలేలా ఉంటే 2.5 ఎంఎం కేబుల్ 27 ఆంపులు మోస్తుంది. సీలింగ్ బోర్డుకి ఆనుకుని అంత ఇన్సులేషన్ కింద అయితే ఇక్కడి వైరింగ్ నియమాలు బీఎస్ 7671లోని పట్టిక ప్రకారం 17. దానికి కాపలా 32 ఆంపుల ఎంసీబీ. పైగా 32 అంటే 32 దగ్గర పడిపోదు, 36 ఆంపుల్ని గంటసేపు పడకుండా మోసేలాగే వాటిని తయారుచేస్తారు.

కాబట్టి ప్లేట్ బిగించి కుక్కర్ కలిపి ఉంటే ఏమయ్యేదంటే, ఆ రోజు ఏమీ అయ్యేది కాదు. మామూలు రోజుల్లో ఒక హాబ్ మీద అన్నం, ఒక దాని మీద కూర, 13, 14 ఆంపులు, అంతా బాగానే నడిచేది. ఏ దీపావళికో పాతికమందిని పిలిచి నాలుగు హాబ్‌లూ ఓవెనూ పొద్దుటి నుంచీ వెలిగించిన రోజు సీలింగ్ పైన ఏం జరుగుతోందో కింద ఎవరికీ తెలిసేది కాదు.

ఇల్లుగలాయన మంచి ప్రశ్న అడిగాడు. "అన్నా, వైరు సన్నం అయితే ఎంసీబీ 16 ఆంపులది పెడితే సరిపోదా, వైరు సేఫ్ కదా?" వైరు సేఫే. కానీ వంట సాగదు. ఇక్కడ కుక్కర్లకి ఒక డైవర్సిటీ లెక్క ఉంది, మొత్తం ఆంపుల్లో మొదటి 10 పూర్తిగా, మిగిలినదాంట్లో 30 శాతం, స్విచ్ ప్లేట్‌లోనే సాకెట్ ఉంటే ఇంకో 5. ఈ కుక్కర్‌కి 10 ప్లస్ 11, మొత్తం 21 ఆంపులు. థర్మోస్టాట్లు వేడి అందుకోగానే ఆగి, చల్లారగానే మొదలై, అన్నీ ఒకే క్షణంలో లాగవు కాబట్టి ఈ లెక్క పనిచేస్తుంది. 21కి 16 చాలదు. నా వరకు చెప్పాలంటే ఈ లెక్క ఆదివారం ఒక రోస్ట్, రెండు కూరగాయలు ఉడకబెట్టుకునే ఇళ్లను చూసి వేసిందేమో అనిపిస్తుంది. మన పండగ వంటలో పప్పు, పులుసు, వేపుడు, పాయసం నాలుగూ ఒకేసారి పొయ్యి మీద ఉంటాయి, ఓవెన్‌లో కేక్ కూడా ఉంటుంది. అయినా మాన్యువల్‌లో 32 ఆంపుల సర్క్యూట్ అడిగారు, సరైన కేబుల్‌తో 32 మన వంటకీ సరిపోతుంది.

కొత్త సర్క్యూట్

ముందు గ్యాస్ పని. పాత గ్యాస్ కుక్కర్ తీయడం, పైపు మూసేయడం నా పని కాదు, గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో ఉన్న ఇంజనీర్ పని. పైపు బిరడా ఎవరైనా తిప్పొచ్చనుకోవద్దు, చట్టప్రకారం కూడా అది వాళ్ల పనే. ఆయన వచ్చి మూసి, లీక్ టెస్ట్ చేసి వెళ్లాకే నేను మొదలుపెట్టాను. బాయిలర్ ఇంకా గ్యాస్ మీదే కాబట్టి గ్యాస్ పైపుకి ఉన్న 10 ఎంఎం ఎర్త్ బాండింగ్ అలాగే ఉంచాం.

బోర్డు నుంచి కుక్కర్ దాకా కొత్త 6 ఎంఎం కేబుల్, మధ్యలో అతుకు లేకుండా ఒకే ముక్క. పాత సీలింగ్ దారిలోనే లాగితే సగం రోజులో అయ్యేది. కానీ ఆ ఇన్సులేషన్ కింద 6 ఎంఎం కూడా 27 ఆంపులకి పడిపోతుంది, 32కి చాలదు. 10 ఎంఎం వేస్తే 36 వస్తుంది, చాలుతుంది, కాకపోతే 10 ఎంఎం తీగల్ని స్విచ్ బాక్స్‌లో వంచి సర్దడం నరకం, బలవంతంగా వంచి మూత నొక్కితే తర్వాత లూజవుతుంది. అందుకే దారే మార్చాను. మెట్ల కింద నుంచి గోడ వెంట, కింది అల్మారాల వెనకగా, ఇటుక గోడకి క్లిప్పులతో. అలా అయితే 6 ఎంఎం 47 ఆంపులు మోస్తుంది. స్విచ్ నుంచి అవుట్‌లెట్‌కి గోడలో పూడ్చినది నిటారుగా ఒకే గీతలో ఉంటుంది, రేపెవరైనా అక్కడ షెల్ఫ్ కోసం డ్రిల్ చేస్తే స్విచ్‌ని చూసి వైరు ఎటు పోతోందో ఊహించగలగాలి.

పాత స్విచ్ సరిగ్గా కుక్కర్ వెనక, పొయ్యి పైన ఉండేది. మంటంటుకున్న నూనె మీదుగా చెయ్యి చాపి ఆపాలన్నమాట. కొత్తది కుక్కర్ అంచుకి పక్కగా ఒక అడుగుకి మించి జరిపి, కుక్కర్ ముందు నిలబడితే అందే దూరంలో, రెండు మీటర్ల లోపు పెట్టాను. 45 ఆంపుల డబుల్ పోల్, లైవ్ న్యూట్రల్ రెండూ తెంపేది. అమ్మగారు పొట్టిగా ఉంటారు, ఆవిడ చేత్తో నొక్కించి చూసి ఎత్తు ఖాయం చేశాను. స్విచ్ పక్కన సాకెట్ కూడా ఉండే రకం అడిగారు, వద్దన్నాను. అక్కడ సాకెట్ ఉంటే కెటిల్ తీగ పొయ్యి మీదుగా వేలాడుతుంది.

కౌంటర్ మీది సాకెట్‌ని వంటగది సాకెట్ల సర్క్యూట్‌కి మార్చి, సీలింగ్‌లోని పాత కేబుల్‌ని రెండు చివర్లా విడదీసి పక్కన పెట్టాను. బోర్డులో కుక్కర్‌కి ఆర్‌సీడీల కింద కాకుండా విడిగా ఉన్న ఖాళీలో 32 ఆంపుల ఆర్‌సీబీఓ, అంటే ఓవర్‌లోడ్‌కీ ఎర్త్ లీకేజీకీ కలిపి ఒకటే, 30 మిల్లీఆంపులది, బోర్డు తయారుచేసిన కంపెనీదే. ఇలా విడిగా ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది.

కుక్కర్ వెనక టెర్మినల్స్ దగ్గర మనవాళ్లు తడబడే విషయాలు రెండు. యూరప్‌లో త్రీ ఫేజ్ ఇళ్లకీ సరిపోయేలా చేసినవి కాబట్టి మూడు లైవ్ టెర్మినల్స్ ఉంటాయి. ఇక్కడి ఇళ్లకి మామూలుగా సింగిల్ ఫేజే, ఆ మూడింటినీ కలిపే రాగి పట్టీలు మాన్యువల్‌లోని బొమ్మ ప్రకారం పెట్టాలి. పెట్టకపోతే రెండు హాబ్‌లు పనిచేసి ఓవెన్ పనిచేయదు, కుక్కర్ పాడైందని వెనక్కి పంపేస్తారు. రెండోది నీలం రంగు. మన ఊళ్లో ఎరుపు, పసుపు, నీలం మూడూ ఫేజులు, నలుపు న్యూట్రల్. ఇక్కడ నీలమే న్యూట్రల్, పాత ఇళ్లల్లో నలుపు న్యూట్రల్. ఇండియాలో వైరింగ్ పని చేసొచ్చినవాళ్లు అలవాటు మీద చెయ్యి పెడితే తారుమారే. స్క్రూలు బిగించాక ఒక్కో తీగా లాగి చూడాలి, కేబుల్ తొడుగుని క్లాంప్ పట్టుకోవాలి తప్ప తీగల మీద బరువు పడకూడదు. ఇళ్లల్లో నేను చూసిన కాలిన కుక్కర్లలో కుక్కర్ లోపం కంటే ఈ స్క్రూ లూజు కేసులే ఎక్కువ. అవుట్‌లెట్ నుంచి కుక్కర్ దాకా కేబుల్‌కి మీటరున్నర వదిలాను, కుక్కర్‌ని ముందుకి లాగి వెనక ఊడ్చుకోవడానికి, కానీ వెనక వేడెక్కే రేకుకి ఆనకుండా కిందికి వంగేలా.

తర్వాత మట్టం పెట్టి కాళ్లు సర్దడం, నీళ్లు పోసిన పెనంలో నీళ్లు ఒక పక్కకి పోకూడదు. పెట్టెలో ఒక చిన్న గొలుసు, కొక్కెం వస్తాయి, వాటిని పదిలో తొమ్మిది మంది స్క్రూల సంచీతో పాటు డ్రాయర్లో పడేస్తారు. అవి గోడకి బిగించాలి. ఓవెన్ తలుపు తెరిచి చిన్నపిల్లలు దాని మీద ఎక్కితే, పైన ఉడుకుతున్న సాంబారుతో సహా కుక్కర్ ముందుకి ఒరుగుతుంది. ఆ ఇంట్లో పాప ఉంది, గొలుసు బిగించకుండా నేను సంతకం పెట్టను అన్నాను.

టెస్టులు క్లుప్తంగా: ఎర్త్ కంటిన్యుటీ సరే, కుక్కర్ కలపకముందు మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటర్) 500 వోల్టుల దగ్గర 200 మెగాఓమ్ పైన, లూప్ ఇంపిడెన్స్ (ఎర్త్ దారి మొత్తం నిరోధం) 0.4 ఓమ్ లోపు (32 ఆంపుల బి టైపుకి హద్దు 1.37), ఆర్‌సీబీఓ 300 మిల్లీసెకన్ల హద్దుకి చాలా ముందే పడింది. మెయిన్ ఫ్యూజ్ 80 ఆంపులు. బాత్‌రూమ్‌లో ఎలక్ట్రిక్ షవర్ 9.5 కిలోవాట్లు, అదొక్కటే 41 ఆంపులు. కుక్కర్‌తో కలిపినా ఫర్వాలేదు, రేపు కారు చార్జర్ పెట్టుకుంటే మాత్రం లోడు చూసి తగ్గించే రకమే తీసుకోండి, లేదా కరెంటు నెట్‌వర్క్ కంపెనీ చేత ఫ్యూజ్ మార్పించుకోండి అని రాసిచ్చాను. ఆ ఫ్యూజ్ సీలు నేను కూడా ముట్టుకోకూడదు.

కొత్త సర్క్యూట్ కాబట్టి ఇంగ్లండ్‌లో బిల్డింగ్ రెగ్యులేషన్స్‌లో ఇళ్ల కరెంటు పనులకి సంబంధించిన పార్ట్ పీ కింద కౌన్సిల్‌కి తెలియజేయాలి. రిజిస్టర్ అయిన ఎలక్ట్రీషియన్ అయితే తను రిజిస్టర్ అయిన స్కీమ్ ద్వారా తనే నమోదు చేస్తాడు. పాత కుక్కర్ తీసి అదే అవుట్‌లెట్‌కి కొత్తది కలపడానికి ఇది అక్కర్లేదు. వేల్స్, స్కాట్లాండ్‌లలో నియమాలు వేరు. ఇల్లు అమ్మేటప్పుడు లాయర్ అడిగే కాగితం ఇదే.

నా పని అయిపోయింది అనుకున్నాక ఫోన్

ఇచ్చి వచ్చాక ఒక సాయంత్రం ఫోన్. పై ఓవెన్ పెడితే పావుగంటకి కుక్కర్ మొత్తం ఆగిపోతోంది. ఫ్రిజ్, మిగతా వంటగది బాగానే ఉన్నాయి, విడి ఆర్‌సీబీఓ పెట్టింది ఇందుకే. రెండు ఆర్‌సీడీల్లో ఒకదాని కింద పెట్టుంటే సగం ఇల్లు చీకటి.

ఆ కుక్కర్ నా పని మొదలయ్యేదాకా శీతాకాలమంతా గ్యారేజ్‌లో ఉంది. ఓవెన్ ఎలిమెంట్ అంటే లోహపు గొట్టం, లోపల వేడెక్కే తీగ, రెండిటి మధ్య తెల్లటి మెగ్నీషియం ఆక్సైడ్ పొడి. ఆ పొడి గాలిలో తేమ పీల్చుకుంటుంది. తేమ పట్టిన పొడిలోంచి కొద్దిగా కరెంటు ఎర్త్‌కి కారుతుంది, 30 మిల్లీఆంపుల దగ్గరికి వచ్చేసరికి ఆర్‌సీబీఓ పడిపోతుంది. అది తన డ్యూటీ. ఎలిమెంట్లు ఒక్కోటీ విడదీసి మెగ్గర్ పెడితే పై ఓవెన్ ఎలిమెంట్ ఒక్కటే అర మెగాఓమ్ కంటే తక్కువ. దాన్ని విడిగా ఉంచి, కింది ఓవెన్‌ని తక్కువ వేడి మీద చాలాసేపు నడిపితే, పక్క గదికి పెట్టిన కుంపటిలాగా ఆ వేడికి పైది కూడా ఆరింది, మళ్లీ కొలిస్తే అంకె పైకెక్కింది, కలిపాక ఇక పడలేదు. ఎక్కకపోయి ఉంటే కంపెనీ వారంటీలో ఎలిమెంట్ మార్పించుకోవాల్సిందే. ఇక్కడ ఒకే ఒక్క తప్పుడు దారి ఉంది, "ఊరికే పడిపోతోంది" అని ఆర్‌సీబీఓ తీసి మామూలు ఎంసీబీ పెట్టడం. అడిగితే పెట్టేవాళ్లు కూడా దొరుకుతారు, అదే బాధ.

అమ్మగారికి చెప్పినవి

ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, "బాబూ, మంట కనపడకపోతే ఎంత పెట్టానో నాకెట్లా తెలుస్తుంది?" సరైన ప్రశ్న. గాజు కింద చుట్ట ఎర్రబడుతుంది, ఆరుతుంది, మళ్లీ ఎర్రబడుతుంది. చెడిపోలేదమ్మా, అది అంతే అన్నాను. ఆపేశాక కూడా గాజు చాలాసేపు కాలుతూనే ఉంటుంది, అందుకే వేడి ఉందని చెప్పే చిన్న లైటు ఉంటుంది, అది ఆరేదాకా చెయ్యి పెట్టకూడదు, మూతలు పెట్టకూడదు, కందిపప్పు ప్యాకెట్టు అస్సలు పెట్టకూడదు. చదునుగా నల్లగా మెరుస్తుంటే కౌంటర్‌లాగే కనిపిస్తుంది, మా చుట్టాలింట్లోనే ప్లాస్టిక్ కవరు కరిగి అతుక్కుంది. ఆపేశాకా వేడి ఉంటుందనేది వంటలో లెక్కలోకి తెచ్చుకోవాలి. ప్రెషర్ కుక్కర్‌కి రెండో విజిల్ రాగానే ఆపేస్తే మూడోది కూడా వస్తుంది. పోపు మాడకూడదంటే గిన్నెని హాబ్ మీంచి దించేయాలి, నాబ్ తిప్పితే చాలదు.

గుండ్రటి అడుగున్న మూకుడు పనికిరాదు. గాజుకి ఒక చుక్కంత చోట మాత్రమే ఆనుతుంది, వేడి ఎక్కదు, కింద గాజు అతిగా కాలి లోపలి రక్షణ స్విచ్ మాటిమాటికీ ఆపేస్తుంది, పైగా తగిలితే బోర్లా పడుతుంది. చదును అడుగు మూకుళ్లు ఇప్పుడు ఇండియన్ షాపుల్లో దొరుకుతున్నాయి. బిర్యానీ గుండిగ రెండు హాబ్‌ల మీద అడ్డంగా పెట్టడం కూడా వద్దన్నాను, అంచు దాటి బయటికి వచ్చిన అడుగు కింద వేడి ఇరుక్కుని గాజు పగలొచ్చు, నాబ్‌లు కరగొచ్చు. గాజు మీద చిన్న చీలిక కనిపించినా గోడ స్విచ్ ఆపేసి వదిలేయాలి, పైన పొంగిన నీళ్లు ఆ చీలికలోంచి కరెంటు ఉన్న భాగాలకి చేరతాయి.

అరిసెలకి బెల్లం పాకం పడుతున్నప్పుడు ఒలికితే మిగతా వాటిలా చల్లారాక తుడుద్దామని ఆగకూడదు. పాకం గాజు మీదే చల్లారితే బిగుసుకుపోతూ గాజు పెచ్చుల్ని లాగేస్తుంది. హాబ్ ఆపి, గాజు వేడిగా ఉండగానే పొడవు పిడి ఉన్న బ్లేడ్ స్క్రేపర్‌తో వేడి లేని వైపుకి గీకేయాలి, చేతికి మందపాటి గ్లవ్. ఆవిడ వెంటనే కూతురితో, "ఆ గీకేది ఒకటి కొనుక్కురావే" అన్నారు.

ఓవెన్‌ని పెనాలు, మూకుళ్లు దాచుకునే అల్మారాగా వాడని తెలుగు ఇల్లు ఇక్కడ నేను చూడలేదు. ఆ గిన్నెల మధ్య ఒక ప్లాస్టిక్ డబ్బా ఉంటుంది. ఎవరో పిజ్జా కోసం ఓవెన్ వేడిచేస్తారు. ఈ ఇంట్లో కూడా నేను టెస్టుకి వెళ్లేసరికి కొత్త ఓవెన్‌లో అప్పటికే అప్పడాల డబ్బా ఉంది.

బజ్జీలు, బూరెలకి నూనె మూకుడులో మూడో వంతు మించకూడదు, మూకుడు వదిలి ఫోన్ మాట్లాడ్డానికి వెళ్లకూడదు. నూనె అంటుకుంటే నీళ్లు పోయకూడదు, మూకుడు కదపకూడదు. చెయ్యి కాలకుండా అందితే గోడ స్విచ్ ఆపడం, తలుపు మూసుకుని అందరూ బయటికి రావడం, 999కి ఫోన్. ఫైర్ బ్లాంకెట్ కొనమన్నాను గానీ, మంట చిన్నగా ఉన్నప్పుడు, వాడటం తెలిసినవాళ్లకే అది. వంటగదిలో స్మోక్ అలారం ఉంటే ఎండుమిరపకాయ పోపు పడ్డ ప్రతిసారీ అది అరుస్తుంది, మనవాళ్లు దానికి షవర్ క్యాప్ తొడుగుతారు. అందుకని వంటగదికి హీట్ అలారం పెట్టాను. అది పొగకి కాదు, వేడికి మాత్రమే మోగుతుంది. స్మోక్ అలారాలు హాల్లో, మేడ మీద. షవర్ క్యాప్ తీసేయించాను.

అద్దె ఇంట్లో ఉన్నవాళ్లు కూడా ఇవే ప్రశ్నలు అడుగుతుంటారు. గోడలోని వైరింగ్, స్విచ్, అవుట్‌లెట్ ఓనర్ బాధ్యత. మీ డబ్బుతో మీరు కుక్కర్ కొనుక్కున్నా సరే, సర్క్యూట్ మార్చాలంటే ముందు ఓనర్ లేదా ఏజెంట్ దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. ఇంగ్లండ్‌లో 2020 నాటి నిబంధనల ప్రకారం అద్దె ఇళ్లకి కనీసం అయిదేళ్లకొకసారి ఎలక్ట్రికల్ తనిఖీ జరగాలి, ఆ రిపోర్టు కాపీ మీకు ఇవ్వాలి. అందులో కుక్కర్ సర్క్యూట్ వరుసలో ఎంసీబీ ఎంత, కేబుల్ ఎంత అని రెండు గళ్లుంటాయి. 32 ఎదురుగా 2.5 కనిపిస్తే, లేదా కుక్కర్ అనే వరుసే లేకపోతే, ఆర్డరివ్వకముందే ఆ పేజీ ఫొటో తీసి ఏజెంట్‌కి పంపండి.